ఐదు కిలోల పరిశోధన

అవ్వ పోయిన ఐదో నెలలో, ఒక మంగళవారం పొద్దున, నాగేశానికి ఒక మాట పోయింది.

తాళంచెవి పోతే జేబులు తడుముకోవచ్చు. కళ్లద్దాలు పోతే నెత్తిమీద చూసుకోవచ్చు. మాట పోతే ఎక్కడ వెతకాలో ఆయనకు బీఎస్సీలోనూ చెప్పలేదు, బీఎడ్‌లోనూ చెప్పలేదు. అలవాటు కొద్దీ చాప ఎత్తి చూశాడు.

"ఏం పోయింది?" అంది భార్య ప్రమీల, పొయ్యి దగ్గర నుంచే.

"ఏం పోలె."

"ఏం పోకపోతె చాప కిందికెందుకు వొంగుతున్నవ్?"

"నడుము పట్టింది."

"పట్టిన నడుము చాప కింద దొరుకుతదా?"

నాగేశం చాప దించి, ఏమీ పోనివాడిలా చాయ్ తాగాడు.

ఆయన సిద్దిపేటలో ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాడు. పొదుపైన మనిషి. ఏటా ఎనిమిదో తరగతిలో నలభై ఐదు మందికి ఒక్క ఉల్లిగడ్డతో కణాలు చూపిస్తాడు. మిగిలిన ఉల్లిగడ్డను కాగితంలో చుట్టి ఇంటికి తెస్తాడు. నలభై రెండో ఏట ఆయనకు దూరవిద్యలో ఎం.ఎడ్. చదవాలనిపించింది. దానికి ఒక పరిశోధన రాయాలి. ఆ పరిశోధన కన్నతల్లి, అవ్వ, పుణ్యాన దొరికింది.

పోయినేడు దసరా సెలవుల్లో ఆయన అద్దాలు తుడవడానికి బడి మైక్రోస్కోపును ఇంటికి తెచ్చాడు. అవ్వ వచ్చి పక్కన కూర్చుని, అదేందో తనకూ చూపమంది. ఉల్లిగడ్డ తనే కోసింది. పాయ లోపలివైపు నుంచి గోటితో సన్నటి పొరను లేపింది. లేపుతూ దాన్ని ఒక పేరుతో పిలిచింది. ఆ పేరు విని నాగేశం నవ్వాడు. పొరను గాజుపలక మీద పరిచి, ఒక చుక్క టించరు వేసి, కన్ను పెట్టమన్నాడు.

"ఇవి కణాలు, అవ్వా."

"కణాలేంది బిడ్డా, అర్రలు గావా? ఒకదాని పక్క ఒకటి, మంచిగ కట్టిన్రు."

"మరి నడుమ నల్లసుక్క కానొస్తుందా? అది కేంద్రకం."

అవ్వ ఇంకాస్త వొంగి చూసింది. "ప్రతి అర్రల ఒక అత్త కూసున్నది" అంది.

ప్రమీల వంటింట్లోంచి, నిజమే, కూర్చున్న చోటి నుంచే పనులు చెబుతుందని ఒప్పుకుంది. ఆమెకూ అవ్వకూ శాస్త్రంలో అభిప్రాయం కలిసింది ఆ ఒక్కసారే.

నాగేశం ఆ ఏడు ఎనిమిదో తరగతి 'ఎ' సెక్షన్‌కు పుస్తకం మాటలతో, 'బి' సెక్షన్‌కు అవ్వ మాటలతో పాఠం చెప్పాడు. కణం అంటే అర్ర, అదే గది; కణత్వచం అంటే దడి; కేంద్రకం అంటే అత్త. పరీక్షలో 'ఎ' సెక్షన్ పిల్లలు స్పెల్లింగుల దగ్గరే ఆగిపోయారు. 'బి' సెక్షన్‌లో, కేంద్రకం తీసేస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు ఒక పిల్ల ఇలా రాసింది: 'కొన్ని దినాలు ఎవరి పని వాళ్లు చేసుకుంటారు. తర్వాత ఇల్లు నడవదు.' నాగేశం ఆ పిల్లకు పూర్తి మార్కులు వేశాడు. అప్పటికి అవ్వ బతికే ఉంది.

హైదరాబాదులో ఉన్న గైడుకు ఈ సంగతి బాగా నచ్చింది. యూనివర్సిటీలో తెలుగు మాటలను కంప్యూటర్‌కు ఎక్కిస్తున్నారనీ, మీ తల్లిగారి మాటలు నూరు పంపమనీ ఒక ఫారం జతచేసి రాశాడు. మాట, అర్థం, చెప్పినవారు, విన్న ఊరు అని నాలుగు గడులు. నూరు వరుసలు. ఒక్క గడి ఖాళీ ఉన్నా కంప్యూటర్ తీసుకోదట.

నాగేశం తొంభై తొమ్మిది వరుసలు నింపాడు. ఉల్లిపొరకు అవ్వ పెట్టిన పేరును మాత్రం చివరికని ఉంచుకున్నాడు. కథంతా మొదలైంది ఆ పేరుతోనే కాబట్టి దానితోనే ముగించాలని ముచ్చట. ఆ ముచ్చటే ఇప్పుడు పీకకు చుట్టుకుంది.

ఎందుకంటే ఆయన పరిశోధన మూడో అధ్యాయంలో, ఎర్ర సిరాతో కింద గీత గీసి మరీ ఒక వాక్యం రాశాడు: 'తల్లి నోట నేర్చిన మాటను మనిషి ఎన్నటికీ మరవడు.' పరిశోధన అంతా ఆ వాక్యం మీదే నిలబడి ఉంది.

ప్రమీలను అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయే పని. కానీ అడగడానికి ముఖం లేదు. అవ్వ ఉండగానే ప్రమీల, ఆ మాటలు ఎప్పటికప్పుడు రాసి పెట్టుకొమ్మని ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఆయన వినలేదు. "మా అవ్వ మాటలు నాకు పాలతోని వచ్చినయ్, ఏడికి పోతయ్?" అన్నాడు.

"పాలు గూడ ఇరుగుతయ్" అంది ప్రమీల.

మంగళవారం నుంచి శనివారం దాకా ఆయన ఒంటరిగా వెతికాడు. 'అ' నుంచి బండి 'ఱ' దాకా ఒక్కో అక్షరం నోట్లో వేసుకుని నమిలాడు. ఆనాటి టించరు వాసన గుర్తుంది. అవ్వ గోటికి అంటిన పసుపు గుర్తుంది. తాను నవ్వడం గుర్తుంది. దేనికి నవ్వాడో అది లేదు.

శనివారం సాయంత్రం మనస్తత్వశాస్త్రం పుస్తకంలో దారి కనిపించింది. గుర్తు తెచ్చుకోవడం వేరు, గుర్తుపట్టడం వేరని అందులో ఉంది. అంటే ఎవరి నోటనైనా ఆ మాట వింటే చాలు, ఆయన పట్టేసుకుంటాడు. ఇక చేయవలసిందల్లా ప్రమీలకు తెలియకుండా ప్రమీల చేత ఆ మాట అనిపించడం.

ఆదివారం పొద్దున్నే ఆమెను పీట మీద కూర్చోబెట్టాడు. ఇది ప్రయోగమని, చూపిన వస్తువుకు నోటికి మొదట వచ్చిన మాట చెప్పాలని, ఆలోచించకూడదని వివరించాడు.

"ఆలోచించకుంటనే గదా నిన్ను చేసుకున్నది" అంది ప్రమీల. "చూపియ్యి."

చీపురు చూపించాడు. "నేను" అంది. మంచం చూపించాడు. "నువ్వు" అంది. ఎం.ఎడ్. పుస్తకాల కట్ట చూపిస్తే, ఎప్పుడు తీస్తవని అడిగింది. ఇవన్నీ ఆయన ఓపికగా రాసుకున్నాడు. చివరికి, ఏమీ ఎరగనట్టు, ఉల్లిపొరను గోటిమీద పెట్టి చూపించాడు.

ప్రమీల పొర వైపు చూసింది. తర్వాత ఆయన వైపు, అవసరమైన దానికంటే కాస్త ఎక్కువసేపు చూసింది.

"పొర" అంది.

"ఇంకో మాట?"

"ఉల్లిపొర."

"అట్ల గాదు. మనింట్ల ఏమని పిలుస్తరు దీన్ని?"

"మనింట్ల దాన్ని పిలుస్తరా? చెత్తల వేస్తరు."

నాగేశం పెన్సిలు కింద పెట్టాడు. అప్పుడు ప్రమీలే, ఎన్నడూ లేనంత మెత్తగా, ఒక్కరిని అడిగితే పరిశోధన ఎలా అవుతుందని, ముప్పై మందైనా ఉండాలని మొన్న నువ్వే అన్నావు కదా అని గుర్తు చేసింది. వీధిలో ఆడవాళ్లందరినీ తాను పిలుస్తానంది. ఒకరి గడ్డ ఇంకొకరికి చూపిస్తే లెక్క తప్పుతుంది కాబట్టి తలా ఒకటి ఉండాలని, రాజమల్లయ్య దుకాణం నుంచి ఐదు కిలోల ఉల్లిగడ్డలు తెప్పించింది. సబ్జెక్టులు, అంటే పిలిచిన ఆడవాళ్లు, వచ్చేలోపు పొట్టు తీసి, కోసి సిద్ధంగా ఉంచమంది. కోసే పని పరిశోధకుడిదేనని కూడా చెప్పింది.

వలలో పడింది అనుకున్నాడు నాగేశం. పరిశోధన మీద భార్యకు ఇన్నాళ్లకు గౌరవం కలిగిందని సంతోషించాడు కూడా.

ఆమె ఆయన్ను కిటికీ కింద, వెలుతురు బాగా ఉన్నచోట కూర్చోబెట్టి, కత్తిపీట ముందు పెట్టి వెళ్లింది. కిటికీ పక్కన గోడకు అవ్వ ఫొటో ఉంది.

మూడో గడ్డకు ముక్కు కారింది. ఏడో గడ్డకు కళ్లు కారాయి. కండువాతో తుడుచుకుంటే కండువాకు ఉన్న ఉల్లి ఘాటు కూడా కళ్లలోకి పోయింది. పన్నెండో గడ్డ దగ్గర ఆయన తుడుచుకోవడం మానేశాడు. అవ్వ పోయిన రోజు బస్సుల వేళలు కనుక్కున్నది ఆయనే, కట్టెలకు చెప్పింది ఆయనే, ఎవరెవరికి కబురు పోలేదో కాగితం మీద రాసుకున్నదీ ఆయనే. సారు గట్టి మనిషి అన్నారు అందరూ. ఇప్పుడు ఉల్లిగడ్డ పని ఎక్కడ అయిపోయిందో, మిగతాది ఎక్కడ మొదలైందో ఆయనకు తెలియలేదు. కత్తిపీట పక్కకు జరిపి పెట్టాడు. కన్నీళ్లు ఆగలేదు.

సరిగ్గా అప్పుడే మొదటి సబ్జెక్టు వచ్చింది. ఎదురింటి కొండవ్వ. వీధిలో ఆమె పేరు ఆలిండియా కొండవ్వ. ఆమెకు తెలిసిన వార్త వీధి చివరకు చేరడానికి రేడియో అవసరం లేదు. అవ్వ ఫొటో కింద సారు వెక్కి వెక్కి ఏడవడం చూసి, గడప దగ్గరే కూలబడి శోకం అందుకుంది.

తర్వాత వచ్చినవాళ్లు ప్రయోగానికే వచ్చారు కానీ, లోపల ఏడుపు వినిపించేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఏడుపు రానివాళ్లకు ఉల్లిగడ్డలు సాయం చేశాయి. ఎవరు పోయారో ఎవరికీ తెలియదు. పక్కవాళ్లకు తెలిసే ఉంటుందని ఎవరికి వాళ్లు అనుకున్నారు. అలాంటిచోట అడగడం మర్యాద కూడా కాదు. పదకొండు గంటలకల్లా పదహారు మంది ఏడుస్తున్నారు. పొయ్యి వెలగని ఇంటికి చాయ్ పంపడం రివాజు కాబట్టి దుకాణం రాజమల్లయ్య ఒక హోటల్ నుంచి పెద్ద కెటిల్ నిండా చాయ్ పట్టుకుని వచ్చి, తల వంచుకుని అరుగు మీద కూర్చున్నాడు. లోపల పొయ్యి మీద అన్నం ఉడుకుతూనే ఉంది.

ఈ వార్త బస్సెక్కి కుకునూరుపల్లి కూడా పోయింది. అక్కడ అవ్వ చెల్లెలు లచ్చవ్వ ఉంటుంది. 'నాగేశం సారు ఇంట్ల ఏడుపులు' అని విని ఆమె లెక్క వేసుకుంది. అక్క ఐదు నెలల కిందటే పోయింది. సారే ఏడుస్తున్నాడంటే సారు ఉన్నాడు. ఆ ఇంట్లో ఇక మిగిలింది ఒక్కరే.

రెండు గంటల వేళ ఆమె వీధి మలుపు దగ్గరి నుంచే అందుకుంది. "ఓ నా ప్రమీలా, బంగారమసోంటి కోడలా, నీ చేతి పచ్చిపులుసు ఇంకెన్నడు తిందునే..." నడుస్తూ నడుస్తూ ప్రమీల ఓర్పును, పనితనాన్ని, మాట మీద మాట అనని గుణాన్ని పొగిడింది. ఇందులో ఒక్కటి కూడా ఇరవై ఏళ్లలో ప్రమీల చెవిన పడలేదు. ప్రమీల తలుపు వెనక నిలబడి అంతా పూర్తిగా విని, అప్పుడు చెంబుతో నీళ్లు పట్టుకుని బయటికి వచ్చింది.

"కాళ్లు కడుక్కో చిన్నత్తమ్మా. పచ్చిపులుసు చేస్త. ఉల్లిగడ్డలు మస్తుగున్నయ్."

లచ్చవ్వ ఆమెను పైనుంచి కిందికి చూసింది. "బతికున్నదానివి జెర ముందుగాల చెప్పొద్దా?" అని కోప్పడింది. "ఛార్జీలు పెట్టుకొని వస్తి."

విషయం బయటపడ్డాక ఎవరూ లేచి వెళ్లలేదు. చాయ్ ఉంది, సగం గడ్డలు కోసి ఉన్నాయి. ప్రయోగం కూడా చేసేశారు. మాట కోసం ఆ వారం బడి నుంచి నాగేశం మళ్లీ తెచ్చుకున్న మైక్రోస్కోపులో ఒక్కొక్కరే కన్ను పెట్టి, అర్రలు చూసి, అత్తలను లెక్కపెట్టి, పొరకు తలా ఒక పేరు చెప్పారు. పొర అన్నారు, పొట్టు అన్నారు, సన్నగుడ్డ అన్నారు. లచ్చవ్వ తోలు అంది. నాగేశం ప్రతి మాటకూ ముందుకు వొంగి, మళ్లీ వెనక్కి జరిగాడు. ఏదీ అది కాదు.

చివరికి వీధి ఆడవాళ్లందరి ముందూ అడిగేశాడు.

"ప్రమీలా. అవ్వ దీన్ని ఒక మాట అనేది. నాకు యాదికొస్తలేదు."

"నాకు మంగళారమే ఎరుక" అంది ప్రమీల. "చాప కింద చూసినప్పుడే."

"మరి చెప్పు."

ప్రమీల కొంగుతో చేతులు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"నాకూ యాదికొస్తలేదు. ఐదు దినాలసంది పొయ్యికాడ నేను గూడ దేవులాడుతనే ఉన్న. వీళ్లల్ల ఎవరికన్న యాదికుంటదేమోనని పిలిస్తి."

నాగేశం ఒంటరిగా వెతికాననుకున్న ఐదు రోజులూ ఇద్దరూ వెతుకుతూనే ఉన్నారు.

"గందుకు గిన్ని ఉల్లిగడ్డలెందుకు?" అన్నాడు, ఏదో ఒకటి అనాలని.

"ఒక్క గడ్డతోని నలభై ఐదు మందికి చూపిచ్చె సారువి నువ్వు. ఐదు కిలోలు తెప్పిస్తె ఎందుకని ఒక్కమాటన్న అడిగినవా?"

ఆయన అడగలేదు. అడగలేదని అప్పుడే తెలిసింది.

"అవ్వ పోయిన కాడికెల్లి నీ కండ్లల్ల తడి చూడలె" అంది ప్రమీల, ఇంకెవరికీ వినపడకుండా. "గట్టి మనిషి, గట్టి మనిషి అని అందరంటుంటె నాకు బుగులయ్యేది, బయమయ్యేది. నీ ప్రయోగం నువ్వు చేసుకుంటివి, నా ప్రయోగం నేను చేసిన. గంతే."

ఆ వారమంతా ఇంట్లో ఉల్లిగడ్డ కూర, ఉల్లిగడ్డ పచ్చడి, ఉల్లిగడ్డ పులుసు. లచ్చవ్వ మూడు రోజులు ఉండి, మూడు పూటలా పచ్చిపులుసు తిని, అందులో ఉప్పు ఎక్కువైందని చెప్పి వెళ్లింది. శోకంలో అన్న మాటలేవీ వెనక్కి తీసుకోలేదు, మళ్లీ అననూ లేదు.

సోమవారం నాగేశం మైక్రోస్కోపును బడిలో అప్పజెప్పాడు. మూడో అధ్యాయంలో 'ఎన్నటికీ' కొట్టేసి 'సాధారణంగా' అని రాశాడు. కింద ఎర్ర గీత అలాగే ఉంది.

ఫారం ఏదని గైడు దగ్గరి నుంచి రెండు కార్డులు వచ్చాయి. పొర అని రాసి పంపితే ఏం పోతుందని రాజమల్లయ్య కూడా అన్నాడు. ప్రమీల మాత్రం అలా అనలేదు.

ఫారం బీరువాలో ఉంది. నూరో వరుసలో అర్థం రాసి ఉంది. చెప్పినవారి పేరు పోశమ్మ అని రాసి ఉంది. విన్న ఊరు సిద్దిపేట అని రాసి ఉంది. మాట ఇంకా రాయలేదు.