గొడుగుల రాయబారం

ఆ రోజు పొద్దున రాయబారి పెట్టుకున్న కార్యక్రమం చిన్నదే. తొందరగా ఆఫీసుకు వెళ్లాలి, రెండు దేశాల వ్యాపారుల తగువు తీర్చాలి, సాయంత్రానికి ఉద్యోగం ఖాయం చేసుకోవాలి. అంతర్జాతీయ వివాదాలను రాజీ చేసే కేంద్రంలో అతను శిక్షణలో ఉన్న మధ్యవర్తి. రాయబారి అన్నది తోటివాళ్లు పెట్టిన పేరు. పాఠాలు మొదలైనప్పటి నుంచి ఎవరేం చెప్పినా దాన్ని తన మాటల్లో తిరిగి వాళ్లకే అప్పజెబుతున్నాడు. వంటింటి కుళాయి కారుతోందని భార్య చెబితే, అందువల్ల ఆమె మనసు నొచ్చుకుందని తనకు అర్థమైందన్నాడు.

"నా మనసు బాగానే ఉందండీ. మీరు కుళాయి సంగతి చూడండి," అందామె.

తగువు గొడుగుల గురించి. దీవుల దేశపు తయారీదారు పంపిన గొడుగులు చక్కగా తెరుచుకుంటున్నాయి గానీ మూసుకోవడం లేదు. వాటిని కొన్నది చలిదేశపు వర్తకురాలు. ఆమె ఖాతాదార్లు గొడుగుతో గుమ్మం దాటలేక, వదిలి వెళ్లనూ లేక, వానలో నిలబడి ఆమెను తిట్టుకుంటున్నారట. ఏళ్ల తరబడి స్నేహంగా సాగిన వ్యాపారం కోర్టు మెట్ల దాకా వచ్చింది. ఈ రాజీ కుదరకపోతే నువ్వు వేరే పని చూసుకోవచ్చని డైరెక్టరు మేడం మెత్తగానే చెప్పింది.

చలిదేశం వాళ్లు కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడతారని, దీవులవాళ్లు కుశలప్రశ్నలు తీరేదాకా అసలు సంగతి ఎత్తరని రాయబారి బాగా చదువుకున్నాడు. అందుకని ముందు ఇద్దరినీ వేరువేరు గదుల్లో కూర్చోబెట్టాడు. తయారీదారు ఇంటిల్లిపాది క్షేమమూ అడగమని, తప్పు ఎత్తిచూపవద్దని వర్తకురాలికి చెప్పాడు. నాన్చకుండా మనసులో ఉన్నది మొహం మీదే అనేయమని ఆయనకు చెప్పాడు. ఒకరికి నేర్పిన సంగతి రెండోవారికి చెప్పడం మాత్రం మరిచిపోయాడు.

అందరూ ఒక బల్ల దగ్గర చేరారు. ఎన్నడూ ఎవరినీ పల్లెత్తు మాట అనని తయారీదారు కళ్లు గట్టిగా మూసుకుని, "మీ ఖాతాదార్లకి గొడుగు పట్టుకోవడం చేతకాదు," అన్నాడు.

వర్తకురాలు మొహం ఎర్రబడినా నవ్వు తెచ్చిపెట్టుకుంది. "మీ మేనత్తగారు కులాసానా?"

"ఆవిడ పోయి చాలా కాలమైంది. పువ్వులు కూడా పంపారు మీరు."

తన ఇంటి దుఃఖాన్ని వేళాకోళం చేస్తోందని ఆయన అనుకున్నాడు. ఇంత మెత్తని మనిషి ఇలా తయారయ్యాడేమిటని ఆమె అనుకుంది. పరిస్థితి చేజారుతోందని రాయబారికి తెలిసింది. విన్నదాన్ని తిరిగి అప్పజెప్పడం ఒక్కటే గుర్తొచ్చింది.

"అంటే, మేనత్తగారు పోయినందువల్ల గొడుగులు మూసుకోవడం లేదని మీ ఉద్దేశం," అన్నాడు.

ఇద్దరూ లేచి నిలబడ్డారు. వాళ్లను ఆపాలన్న ఆత్రంలో రాయబారి నమూనా గొడుగు ఒకటి చేతిలోకి తీసుకుని, ఒక్కసారి చూడండంటూ గుమ్మంలో నిలబడి తెరిచాడు. అది గుమ్మానికి అడ్డంగా బిగుసుకుపోయింది. ఇక లోపలివాళ్లు బయటికి పోలేరు. చప్పుడు విని వచ్చిన మేడం లోపలికి రాలేకపోయింది. గొడుగు వెనక రాయబారి ఎవరికీ కనపడటం లేదు.

వర్తకురాలు పిడి లాగింది, తయారీదారు ఊచలు పట్టుకున్నాడు. లాగుతూ లాగుతూ ఆమె అడిగేసింది, "అంత మాట ఎందుకన్నారు?"

"ఆయనే అనమన్నాడు."

"మేనత్త గురించి నన్ను అడగమన్నదీ ఆయనే."

ఇద్దరూ గొడుగు వైపు చూశారు. అవతల ఎవరో దగ్గారు.

ఆ పెనుగులాటలోనే తయారీదారు కంట పడింది, పిడిలో స్ప్రింగు తిరగేసి బిగించారు. దాన్ని సరిగ్గా తిప్పగానే గొడుగు మూసుకుంది. తప్పు తన ఫ్యాక్టరీదేనని అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. స్ప్రింగులన్నీ మార్చి పంపుతానన్నాడు. మేనత్త విషయంలో ఆమె క్షమాపణ చెప్పుకుంది. మధ్యాహ్నానికి ఒప్పందం సిద్ధమైంది. ఇకముందు తమ మధ్యకు ఏ మధ్యవర్తీ రాకూడదన్న షరతు మీద ఇద్దరికీ మొదటి నుంచీ ఏకాభిప్రాయమే.

మేడం ఒప్పందం రెండుసార్లు చదివి, మాట ప్రకారం రాయబారి ఉద్యోగం ఖాయం చేసింది. ఇప్పుడతను మధ్యవర్తిత్వం చేయడు, కొత్తవాళ్లకు నేర్పుతాడు.