దొరసాని తూకం

ఆ సోమవారం పొద్దున్న తూకం బాబాయి పెట్టుకున్న పనులు మూడే. షట్టరు ఎత్తాలి, పిల్లిని తూచాలి, ఆ అంకెను కూతురి ఫోన్‌కి పంపాలి. తర్వాత మేకుల పెట్టెలు దింపించుకోవచ్చు, లోకం తన దారిన తాను పోవచ్చు.

ఆయనది మేకులు, స్క్రూలు, బోల్టులు కిలోల లెక్కన అమ్మే కొట్టు. ముప్పై ఏళ్లలో ఒక్క గ్రాము అటూ ఇటూ పోనివ్వలేదని వీధంతా ఆయన్ని తూకం బాబాయి అనేది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. భార్య పోయి రెండు నెలలైంది. ఆమె వదిలి వెళ్లినవాటిలో ఊపిరి ఉన్నది ఒక్కటే, దొరసాని అనే తొమ్మిదేళ్ల పిల్లి. కొట్టు వెనక రెండు గదుల ఇంట్లో ఇప్పుడు ఆ ఇద్దరే.

కూతురు బళ్లో లెక్కల టీచరు. తల్లి పోయిన వారానికే ఆమె ఒక బుట్ట పట్టుకుని వచ్చింది.

"నీకు నీ సంగతే తెలీదు, దాని సంగతి ఏం చూస్తావు నాన్నా. నేను తీసుకెళ్తాను."

"ఉండనీ అమ్మా. చూసుకుంటాను."

"అయితే ప్రతి సోమవారం తూకం పంపు. ఇప్పుడు ఐదు కిలోలుంది. నాలుగున్నర కంటే దిగిందంటే మాత్రం నీ మాట వినను."

వెళ్తూ వెళ్తూ జంతువుల డాక్టరమ్మ ఇచ్చిన కాగితం కూడా ఇచ్చింది. పిల్లి ఎంత తింటోంది, ఎలా దూకుతోంది, ఒళ్లు నాక్కుంటోందా, మూలలో దాక్కుంటోందా గమనించాలట. బాబాయి దాన్ని ఒకసారి చదివి, గోడకు రెండు మేకులు కొట్టి తగిలించాడు. అవన్నీ అభిప్రాయాలు. తూకం నిజం.

ఆ నిజమే ఇప్పుడు ఆయన్ని ముంచింది. ఖాళీ మేకుల పెట్టెను కాటా మీద పెట్టి, పెట్టె బరువు మినహాయించి, దొరసానిని అందులో కూర్చోబెట్టాడు. కాటా కాసేపు తటపటాయించి 4.490 దగ్గర ఆగింది. దించి మళ్లీ పెట్టాడు. అదే అంకె. పిల్లి ఆయన వంక చూసి ఆవులించింది. చావుకి దగ్గరైన లక్షణమేదీ దాని మొహంలో లేదు గానీ, మొహం చూసి సరుకిచ్చే రకం కాదు బాబాయి.

పక్క కొట్లో తాళంచెవులు చేసే అతను టీ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు. "ఎంతుందన్నా?"

"పది గ్రాములు తక్కువ."

"పది గ్రాములకేంటన్నా. తోక కాస్త లోపలికి పెట్టుకోమను."

"తూకం తూకమే."

"అయితే ఉన్నదే పంపు. సాయంత్రానికి బుట్ట వస్తుంది."

బాబాయి ఫోన్ పట్టుకుని వెనక గదిలోకి చూశాడు. అక్కడ భార్య కుర్చీ, దాని మీద పిల్లి వెంట్రుకలు. పిల్లి పోతే అది ఒట్టి కుర్చీ అయిపోతుంది. ఒక మనిషి, ఒక ఒట్టి కుర్చీ, రెండు గదులు. ఎటునుంచి కూడినా ఆ మొత్తం బతకడానికి చాలేట్టు లేదు. ముప్పై ఏళ్లలో మొదటిసారి తప్పు తూకం రాశాడు. 4.600.

అబద్ధాల్లో అనుభవం లేనివాడు కాబట్టి దాన్నీ సరుకులాగే చూశాడు. రాసిన అంకెకు సరిపడా పిల్లిని తయారు చేసి ఇచ్చేస్తే అది అబద్ధం కాదు, బిల్లు కాస్త ముందు వెళ్లింది, అంతే. ఆ రోజు నుంచి దొరసానికి పొద్దున ఉడికించిన కోడి, మధ్యాహ్నం చేప, సాయంత్రం గుడ్డు, మధ్యమధ్యలో మీగడ. ఇంట్లో పొయ్యి దానికోసమే వెలిగేది. తనకోసం ఇంకోసారి వెలిగించడం దండగనిపించి బాబాయి టీలో బన్ను ముంచుకుని తినేవాడు. ప్యాంటు జారుతుంటే బెల్టుకు మేకుతో కొత్త చిల్లు పొడిచాడు. కొన్నాళ్లకు మరోటి. మేకులకు కొదవలేదు.

ఇంత తిన్నా కాటా మీద అంకె నత్తలా కదిలేది. ఎనిమిదో సోమవారానికి 4.800. పంపే అంకె మాత్రం వారానికి వంద చొప్పున పెరిగి 5.300కు చేరింది. దొరసాని పై అరమీదకి దూకడం మానేసింది. గుమ్మం దాటాలన్నా ఆగి ఆలోచించేది. ఒంట్లో సత్తువ లేదు పాపం అని బాబాయి ఇంకో చేప వేసేవాడు.

కొట్టుకు మాత్రం జనం పెరిగారు. అవతలి వీధి వడ్రంగులు కూడా అంతదూరం నడిచి ఇక్కడికే వచ్చేవాళ్లు. పోయినామె మీద మనుషులకు ఇంత అభిమానం ఉందా అని బాబాయి కళ్లు తుడుచుకునేవాడు.

ఆ వారమే కూతురు ఫోన్ చేసింది.

"నాన్నా, నువ్వు పంపిన అంకెలతో గ్రాఫ్ గీశాను."

"మంచిదమ్మా."

"స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది. వారానికి సరిగ్గా వంద గ్రాములు. ఏ ప్రాణీ ఇలా పెరగదు."

బాబాయి ఫోన్‌ని ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"నువ్వైతే తప్పు తూకం వెయ్యవు. అంటే దానికే ఏదో జబ్బు. కడుపులో గడ్డో, నీరో. గురువారం పొద్దున డాక్టరమ్మ దగ్గర టైమ్ తీసుకున్నా, సెలవు పెట్టి వస్తున్నా."

తిట్టి ఉంటే తట్టుకునేవాడు. నమ్మడంతో చిక్కొచ్చి పడింది.

"అక్కడా కాటా ఉంటుంది. నాలుగూ ఎనిమిది వందలని చూపిస్తుంది. నేను ఐదూ మూడు వందలని రాశాను," అని తాళాలతనికి చెప్పుకున్నాడు.

"అర కిలోయేగా తేడా. నీ కొట్లో దొరకని బరువా అన్నా అది."

ఇద్దరూ కూర్చుని తోలు మెడపట్టీకి లోపల అరలు కుట్టారు. ఏడు బోల్టులు పట్టాయి. కాటా మీద పెడితే సరిగ్గా అర కిలో. తప్పు పనిలోనైనా తూకం తప్పలేదని బాబాయికి చిన్న తృప్తి కలిగింది. ఆ రోజులో అదే ఆఖరి తృప్తి.

గురువారం పట్టీ వేయగానే దొరసాని రెండడుగులు వేసి, గడ్డం నేలకు ఆనించి కూలబడింది. సరిగ్గా అప్పుడే కూతురు లోపలికొచ్చింది.

"నాన్నా, ఇది తల ఎత్తడం లేదు."

"సిగ్గేమో అమ్మా."

"పిల్లికి సిగ్గేంటి. మెడ నరాలు పోయినట్టున్నాయి." ఆమెకు అప్పుడే కళ్లలో నీళ్లు తిరిగాయి. ట్యాక్సీలో కూర్చుని ఆస్పత్రికి ఫోన్ చేసి, పక్షవాతం వచ్చిన పిల్లిని తెస్తున్నామని చెప్పింది. అక్కడ వరసలో ఉన్నవాళ్లంతా లేచి దారిచ్చారు. గిన్నీపిగ్‌ని ఒళ్లో పెట్టుకున్న ఒక ముసలాయన అయితే బాబాయి భుజం తట్టి ధైర్యం చెప్పాడు. బాబాయి నేల చూపులు చూశాడు.

డాక్టరమ్మ పిల్లిని కాటా మీద పెట్టింది. "ఆరు కిలోల ఆరు వందల పాతిక."

"ఐదూ మూడు వందలు కదా?" అంది కూతురు.

డాక్టరమ్మ వేళ్లు మెడ దగ్గర ఆగాయి. పట్టీ విప్పి బల్లమీద పెడితే ఠంగుమంది. దొరసాని తల ఎత్తి, చుట్టూ చూసి, చెవి గోక్కుంది.

"ఇదేంటి నాన్నా?"

"పట్టీ."

"పట్టీలో?"

"బోల్టులు."

కూతురు పట్టీని తిప్పి తిప్పి చూసింది. "బరువు తగ్గిపోతోందమ్మా," అన్నాడు బాబాయి చివరికి. "తగ్గితే తీసుకుపోతానన్నావుగా. అంకె మార్చాను."

"తగ్గడమేంటండీ," అంది డాక్టరమ్మ. "పట్టీ లేకుండా నికరంగా ఆరు కిలోలు. అంతా కొవ్వు. దూకలేకపోతోందా? మరి దూకదు."

"మీ కాటా తప్పండీ. నా దాంట్లో నాలుగూ ఎనిమిది వందలు. ఆ పట్టీ అర కిలో."

డాక్టరమ్మ పట్టీ ఒక్కటే తూచింది. ఆరు వందల పాతిక. కూతురు రసీదు వెనక నాలుగంకెలు వేసి తలెత్తింది. "రెండింట్లోనూ ఐదో వంతు మింగేస్తోంది నీ కాటా. పళ్లెం ఎత్తి దులుపుతున్నావా?"

"పళ్లెం ఎత్తుతారా?"

"అమ్మ వారం వారం ఎత్తి, కింద ఇరుక్కున్న మేకులు ఏరేది. ముప్పై ఏళ్లూ."

వీధి వీధంతా తనకిచ్చిన పేరు ఎవరిదో బాబాయికి ఇప్పుడు తెలిసింది. దాని వెనకే ఇంకొకటి తెలిసింది. ఇన్నాళ్లూ కిలో అడిగిన ప్రతివాడికీ కిలోంపావు వెళ్లింది. వడ్రంగుల అభిమానం బరువు పావు కిలో.

"ఇంట్లో ఈ మధ్య ఏదైనా మారిందా?" డాక్టరమ్మ అడిగింది.

"మా అమ్మ పోయింది."

డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "అలాంటప్పుడు జంతువులూ మారతాయి. ఒక్కొక్కటే చెప్పండి. తిండి మీద ధ్యాస తగ్గిందా?"

"లేదండీ," అన్నాడు బాబాయి.

"ఒళ్లు శుభ్రం చేసుకోవడం మానేసిందా?"

"గంటకోసారి నాక్కుంటుంది."

"ఒకేచోట అలా కూర్చుండిపోతుందా? బాగాలేకపోయినా బయటపడకుండా దాచుకుంటుందా?"

"అబ్బే, అలాంటిదేం లేదండీ."

కూతురు పిల్లి వైపు చూడటం లేదు. తండ్రి గడ్డం, ఒక గుండీ తప్పి పెట్టుకున్న చొక్కా, జానెడు వేలాడుతున్న బెల్టు కొస, దానికి మేకుతో పొడిచిన రెండు చిల్లులు చూస్తోంది.

"నాన్నా, ఆ పెద్ద కాటా ఎక్కు."

"అది కుక్కలకమ్మా."

"ఎక్కు."

చెప్పులు విప్పి ఎక్కాడు. యాభై మూడు. భార్య ఉన్నప్పుడు అరవై నాలుగు. బాబాయి వంగి పళ్లెం కిందకి చూడబోయాడు.

"దీని కింద మేకుల్లేవండీ," అంది డాక్టరమ్మ.

కూతురు మొహం అటు తిప్పుకుని ముక్కు తుడుచుకుంది. "పిల్లిని ఇవాళే తీసుకుపోతాను. దాన్ని ఇలా మేపి నువ్వు ఎండిపోతావా?"

"ఇప్పుడు కదల్చొద్దు," అంది డాక్టరమ్మ. "ఇంత లావైన పిల్లి కొత్తచోట బెంగపడి నాలుగు రోజులు తిండి మానేస్తే కాలేయం దెబ్బతింటుంది. ఉన్న ఇంట్లోనే ఉంచి, మెల్లగా తగ్గించాలి."

అంటే బాబాయి గెలిచాడు. దొంగ తూకంతో, ఏడు బోల్టులతో, ఒక ప్రాణాన్ని కదల్చడానికి వీల్లేనంతగా పాడుచేసి గెలిచాడు. గెలిచినవాడి మొహంలా మాత్రం లేదు.

"సరే, నువ్వూ అదీ అక్కడే ఉండండి," అంది కూతురు. "బడి అవగానే రోజూ నేనే వస్తా. దాని గిన్నెలోంచి తీసింది నీ కంచంలో వేస్తా. కిక్కురుమనకుండా తినాలి."

"రోజూ ఎందుకమ్మా, నీకు శ్రమ."

"నీ అంకెలు ఇక నేను నమ్మను నాన్నా."

ఆ సాయంత్రం కాటా పళ్లెం ఎత్తితే దోసెడు మేకులు, గుప్పెడు పిల్లి వెంట్రుకలు వచ్చాయి. మర్నాటి నుంచి వడ్రంగులు రావడం మానేశారు. జనంలో అభిమానం తగ్గిందన్నా అని తాళాలతను అంటే బాబాయి లోపల కంచం పెట్టిన చప్పుడు విని లేచాడు.

నెల తిరిగేసరికి దొరసాని మూడు వందల గ్రాములు తగ్గింది, తూకం బాబాయి మూడు వందల గ్రాములు పెరిగాడు. ఇంటి మొత్తం బరువులో మాత్రం ఏ తేడా రాలేదు.