నాసికాకండూతి సంగ్రామం

సూర్యుడు ఎదురింటి మేడమీది నీళ్ల ట్యాంకు వెనకనుంచి సగం ముఖం చూపించి, మిగతా సగం చూపాలా వద్దా అని తటపటాయిస్తున్న ఆ శుభప్రభాతవేళ పిన్నిగారింట్లో ఉన్నవారెవరంటే: పొయ్యి ముందు గదాధారిణివలె గరిటె పట్టి నిలిచిన పిన్ని; దినపత్రికను డాలుగా చేసుకుని, ఏ పనీ తనను తాకకుండా కాచుకుంటున్న బాబాయ్; వినికిడి మిషను తీసి పక్కన పెట్టి లోకంతో తెగతెంపులు చేసుకున్న అమ్మమ్మ; అక్కకు తోడుగా పంపబడి, ఎక్కడ నిలబడినా ఎవరికో ఒకరికి అడ్డమవుతున్న నేను; మరియు స్నానాలగదిలోంచి, రెండు చేతులూ ఛాతీకెదురుగా పైకెత్తి, మోచేతులనుంచి జలధారలు కారుతుండగా, వీపుతో తలుపును తోసుకుంటూ, వెనక్కి వెనక్కి నడుస్తూ బయల్వెడలిన మా అక్క.

“ఇదేం నడకే, ఎవరో తుపాకీ చూపించినట్టు!” అంది పిన్ని.

“నేను దేన్నీ ముట్టుకోకూడదు పిన్నీ. ప్రాక్టీసు.”

“మరి టిఫినెట్లా తింటావ్?”

అక్క నావైపు చూసింది. ఆ మహావీరురాలి నోట్లో ముద్దలు పెట్టే భాగ్యం నాకు దక్కింది. వేలు కూడా కొరికింది.

మా అక్క దూరాన ఒక కాలేజీలో డాక్టరు చదువు చదువుతోంది. చదువు మధ్యలో నెలరోజులపాటు వేరే ఊరి ఆస్పత్రిలో, నచ్చిన విభాగంలో పనిచేసి రావచ్చట. దాన్ని ఎలెక్టివ్ అంటారు. ఎలెక్టివ్ అంటే ఎవరూ బలవంతపెట్టకుండా మనమే ఎంచుకున్నది అని అక్క వివరిస్తే, పత్రిక వెనకనుంచి బాబాయ్, “అంటే కోరి తెచ్చుకున్నదన్నమాట” అన్నాడు. అక్క కోరి తెచ్చుకున్నది పిన్ని ఊరి ఆస్పత్రిలో సర్జరీ. ఇలా వచ్చినవాళ్లను ఆ ఆస్పత్రిలో అతిథి విద్యార్థులంటారు. అతిథులకు అక్కడ జరిగే మర్యాద ఏమిటంటే, ఆపరేషన్ గదిలో ఒక గోడ చూపిస్తారు. దానికి అంటకుండా, దాన్ని విడవకుండా నిలబడాలి.

గోడను వదిలి బల్ల దగ్గరికి చేరే అవకాశం అక్కకు అంతకుముందు రెండుసార్లు వచ్చింది. అక్కడో నియమం ఉంది. చేతులు తోముకుని, గౌను వేసుకుని, గ్లోవ్స్ తొడుక్కున్నాక ఆ చేతులు నడుము కిందికి దిగకూడదు, మొహం దాకా లేవకూడదు, శుద్ధి చేసిన గుడ్డల్ని తప్ప దేన్నీ తాకకూడదు. తాకితే మైల. మొదటిసారి అక్క చేతులు అలసి, తమ పాత అలవాటు కొద్దీ హాయిగా కిందికి దిగాయి. రెండోసారి కళ్లజోడు జారితే వేలు తనంతట తానే వెళ్లి సవరించింది. రెండుసార్లూ పెద్ద సిస్టర్, “ఏమ్మా, చేతులు!” అని సింహనాదం చేసింది. రెండుసార్లూ మళ్లీ గోడే.

ఇంతవరకూ అయితే దుఃఖం అక్కది మాత్రమే. కానీ రోజూ సాయంత్రం అమ్మ ఫోను చేసేది.

“ఇవాళేం చేశావమ్మా?”

“ఆపరేషన్లో ఉన్నానమ్మా.”

అక్క ఉన్నాను అనే అంది. అబద్ధం ఒక్కటీ లేదు. గోడ కూడా ఆపరేషన్లో ఉంది. కానీ ఆ మాట ఫోను తీగలు దాటేలోపు ‘చేశాను’ అయిపోయింది. అమ్మ వీధి వీధంతా చెప్పింది. మా ఇంటి వెనక ఉండే పెద్దమ్మ తన వీపుమీది కంతిని వేరే డాక్టరుకు చూపించకుండా అక్కకోసమే దాచి ఉంచిందట. నెల ఇవాళ్టితో అయిపోతుంది. రేపు బయలుదేరాలి. ఇంటికెళ్లేలోపు, చిన్నదైనా సరే, ఒక్క పని తన చేత్తో చెయ్యకపోతే అక్క అమ్మ మొహం ఎలా చూస్తుంది? ఆ కంతి మొహం ఎలా చూస్తుంది?

కనుక అక్క కోరింది ఒక్కటే. సర్జన్ కుట్టు వేసి ముడి బిగించాక మిగిలిన దారం కొసను కత్తిరించడం. అంతే. అది విద్యార్థులకిచ్చే పని. దానికే వారంరోజులుగా పిన్ని దారపు ఉండ అంతా భోజనాల బల్ల కాళ్లకు ముడులై వేలాడుతోంది. అక్క కత్తిరించేది, నేను తీర్పు చెప్పేదాన్ని. నా ఉద్యోగం మహా సులువు. పొడుగు అనాలి, లేదా పొట్టి అనాలి. బాగుంది అనే మాట నాకు ఇవ్వలేదు.

“అక్కడ పెద్దాయన కూడా ఈ రెండు మాటలే అంటాడే,” అంది అక్క. “ఎవరు కత్తిరించినా సరే.”

ముందురోజు ఆ పెద్దాయనే, అంటే పెద్ద సర్జన్, అక్కను చూసి, “రేపు హెర్నియా కేసుంది. బల్ల దగ్గరికి రా. ఈసారి ఏదైనా ముట్టుకున్నావో, ఇంక గదిలోకే రావద్దు” అన్నాడు.

ఇక్కడినుంచి జరిగిందంతా అక్క చెప్పిందే. మొదట పిన్నికి చెప్పింది, తర్వాత బాబాయ్‌కి, చివర అమ్మమ్మకు మిషను పెట్టించి మరీ గట్టిగా. చెప్పిన ప్రతిసారీ శత్రుసైన్యం పెరిగింది. నేను వాటిల్లో అన్నిటికన్నా పెద్ద సైన్యాన్నే తీసుకున్నాను.

హరితాంబరధారిణియు, ముఖకవచశోభితయు, హస్తప్రక్షాళనధురంధరయు, నెలరోజులుగా గోడకు ప్రియసఖియునగు మా అక్క, సహస్రకిరణుని ధిక్కరించు దీపమండలము కింద, శస్త్రాస్త్రాలు పళ్లెంలో బారులు తీరి తళతళలాడుతుండగా, ముందు పెద్ద సర్జన్, పక్కన జూనియర్ డాక్టరు, వెనక పెద్ద సిస్టర్ అను మహాయోధుల నడుమ, గ్లోవ్స్ తొడిగిన కరద్వయమును గుడ్డమీద ఆనించి, శ్వాసను సైతం అనుమతి అడిగి పీలుస్తూ నిలిచిన ఆ క్షణంలో, నాసికాగ్రానికి ఎడమవైపున, కొద్దిగా కిందుగా, దురద పుట్టింది.

మొదట అది దూతనే పంపింది. చీమకాలంత చురుకు. అక్క లెక్కచెయ్యలేదు. లెక్కచెయ్యలేదని తెలిసి కాల్బలం కదిలింది. మాస్కు అంచున గుడారాలు వేసింది. ఆపై అశ్వబలం, ఆపై గజబలం, ముక్కు దూలాన్ని తొక్కుకుంటూ కనుబొమల కోటదాకా వ్యాపించగా, అక్క పైపెదవిని పైకి మడిచి ఎదుర్కొంది. లాభం లేకపోయింది. కుందేలువలె ముక్కుపుటాలు కదిపింది. శత్రువుకు గిలిగింతలై మరింత ఉత్సాహం వచ్చింది. చివరికి కింది పెదవి ముందుకు చాచి పైకి ఫూ అని ఊది వాయవ్యాస్త్రం ప్రయోగించింది. అది మాస్కులోంచి పైకి తన్ని కళ్లజోడును ఆవిరితో కప్పేసింది. శత్రువు చెక్కుచెదరలేదు. అక్కకు మాత్రం లోకం మాయమైంది.

అప్పుడు మా అక్క మనసులో ఇలా పలికింది. “ఓసీ నాసికా! ఇరవైరెండేళ్లు నిన్ను మొహం మధ్యన ఉన్నతాసనం మీద కూర్చోబెట్టి పోషించినందుకు, జలుబు చేసిన ప్రతిసారీ మెత్తని రుమాళ్లతో సేవించినందుకు, ఇంతకాలం దురదపెట్టక, గోడపక్కన నా చేతులు ఖాళీగా ఉన్న రోజులన్నీ మౌనవ్రతం పట్టి, ఈనాడు, ఈ బల్ల ముందు, నా చేతులు నావి కాని ఈ ఘడియలో నాకు ద్రోహం తలపెడతావా? తెగిపోయినా సరే, నా హస్తం నీదాకా రాదు!” ఈ ఉపన్యాసం ముక్కుకు వినపడలేదు. ముక్కుకు చెవులుండవు.

“ఏమ్మా, ఏడుస్తున్నావా?” అన్నాడు పెద్దాయన, తల ఎత్తకుండానే.

“లేదు సార్.”

“నవ్వుతున్నావా?”

“లేదు సార్.”

“మరి ఆ ఊగడం ఏంటి?”

అక్క కుడిచెయ్యి గుడ్డమీదినుంచి వెంట్రుకవాసి లేచింది. పెద్ద సిస్టర్ కనుబొమ్మ కూడా లేచింది. సింహనాదం గొంతుదాకా వచ్చి ఆగింది. ఇంకొక్క అంగుళం లేస్తే గది బయటే. అటు ముక్కు, ఇటు వీధి వీధంతా చెప్పి ఎదురుచూస్తున్న అమ్మ. అక్క చెయ్యి దించింది. దించి, నెలరోజులుగా పిలిస్తే తప్ప నోరు తెరవని మా అక్క, నాలాగే కొత్తవాళ్లను చూస్తే గొంతు పట్టేసే మా అక్క, గది గదంతా వినేలా అడిగేసింది:

“సిస్టర్, నా ముక్కు కొంచెం గోకుతారా?”

పేషెంటు గుండె చప్పుడు లెక్కపెట్టే మిషను కూడా ఒక బీప్ మింగేసిందని అక్క అంటుంది. పెద్దాయన చేతులు ఆగాయి.

“నువ్వొచ్చి నెలైంది,” అన్నాడు. “నీ నోటినుంచి ప్రశ్న రావడం ఇదే మొదలు. నీకు ఇదంతా ఇష్టం లేదేమో అనుకున్నా.”

“ఇష్టమే సార్. భయం.”

“సిస్టర్, గోకండి పాపం.”

పెద్ద సిస్టర్ గాజుగుడ్డ మడతపెట్టి, వెనకనుంచి వచ్చి, మాస్కు మీదుగా అదిమింది. “ఎక్కడమ్మా?”

“ఎడమవైపు... ఇంకొంచెం కింద... అబ్బ, అక్కడే.”

గజబలం కూలింది. అశ్వాలు పారిపోయాయి. గుడారాలు ఎగిరిపోయాయి. అంతలో బల్లమీద అడ్డంగా కట్టిన తెర అవతలినుంచి, నడుం కిందకే మత్తిచ్చిన కారణంగా మెలకువగా ఉన్న పేషెంటు గొంతు వినిపించింది:

“అమ్మా, ఆవిడదయ్యాక నాది కూడా గోకండమ్మా. చేతులు కట్టేశారు. ఇందాకట్నించీ అడగడానికి మొహమాటం.”

గోకారు. శాంతి నెలకొంది. పెద్దాయన కుట్టు వేసి, ముడి బిగించి, దారం రెండు కొసలూ పైకి లాగి పట్టుకుని, జూనియర్ వైపు కాక అక్కవైపు చూశాడు.

“కత్తెర తీసుకో. కట్ చెయ్యి.”

అక్క కత్తెర అందుకుంది. భోజనాల బల్ల కాళ్లన్నీ ఆ క్షణంలో ఆమె వెంట నిలిచాయి. ముడి పక్కకు దించి, కొంచెం వంచి, కత్తిరించింది. పేషెంటు తెర వెనకనుంచి, “అయిపోవచ్చిందా డాక్టరుగారూ?” అని అడిగాడు. పెద్దాయన దారం కొసవైపు వంగి చూశాడు. పొడుగు అనలేదు. పొట్టి అనలేదు.

“ఊఁ,” అన్నాడు.

ఆ తర్వాతి దారాలన్నీ జూనియర్ డాక్టరే కత్తిరించాడు. అన్నీ పొడుగేనట.

సాయంత్రం ఇంట్లో ఆ ‘ఊఁ’ మీద మహాసభ జరిగింది.

“ఎలాంటి ఊఁ అమ్మలూ? సాగదీశాడా, తుంచేశాడా?” అన్నాడు బాబాయ్, మొదటిసారి పత్రిక దించి.

“కూర ఎలా ఉందంటే మీరూ ఊఁ అంటారు,” అంది పిన్ని. “దానర్థం నా మాట వినలేదని.”

“ఊహూఁ అనలేదు కదే!” అని అమ్మమ్మ అరిచి తేల్చేసింది. “అయితే ఊఁ అన్నట్టే!”

అప్పుడే అమ్మ ఫోను. అక్క ఈసారి ఉన్నాను అనలేదు. “అమ్మా, ఇవాళ ఆపరేషన్లో దారం కత్తిరించాను. నా చేత్తో.”

“మరి నెలంతా ఏం చేశావే?”

“నిలబడ్డాను.”

“అంతేనా?”

“అంతేనమ్మా.”

అమ్మ ఊపిరి పెద్దగా వినిపించింది. “సర్లే. నేను అందరికీ చెప్పినవాటిల్లో ఒకటన్నా నిజమైంది. పెద్దమ్మను నేను వేరే డాక్టరు దగ్గరికి పంపిస్తాలే.”

ఈ విధంగా మా అక్క, పదిమంది డాక్టర్లు నెలరోజులు నిలబెట్టినా నీరసించక, సకలసేనాసమేతంగా దండెత్తిన దురదను చేయి ఎత్తకుండానే జయించి, వడ్లగింజంత దారాన్ని మిగిల్చి, తక్కినదాన్ని ఖండించి, పొడుగు పొట్టి అను జంటశత్రువులకు అతీతమైన ఊఁకారమును ఆర్జించి, త్రిలోకములందు కాకున్నా మూడు గదుల ఈ ఇంట్లో విజయదుందుభి మోగించెను. ఆ ఉత్సాహంలోనే పెట్టె సర్దుకోవడానికి గదిలోకి వెళ్లింది. అప్పుడే కడుక్కున్న చేతులు పైకే ఉన్నాయి, నెలనాటి అలవాటు.

నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. అడగాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఆ ఇంట్లో నోరు తెరిచి నేను ఏదైనా అడగడం కూడా అదే మొదలు.

“అక్కా, ఒక డౌటు. ఆయన ఊఁ అన్నది నీ దారానికా? అయిపోవచ్చిందా అని అడిగిన పేషెంటుకా?”

అక్క నావైపు చూసింది. చేతులు దించలేదు. వెనక్కి తిరిగి, దేన్నీ ముట్టుకోకుండా, వీపుతో తోసి, నా మొహంమీద తలుపు వేసింది.