మాది కంట్రోల్ వీధి, సున్నం వేయరాదు

ఎండకు మాడిపోవడం ఒక మహాయోగం! నవ్వకండి. మీరు మాడితే వచ్చేది ఉత్త చెమట. మేం మాడితే వచ్చేది డేటా.

మా వీధి హోదా మీకు తెలిసినట్టు లేదు. వాతావరణ విధానాల వల్ల జనం సంపాదనలోనూ సంసారాల్లోనూ ఏం మార్పు వస్తుందో తేల్చడానికి ఒక పెద్ద పరిశోధన సంస్థ మా పేటకు వచ్చింది. వెనక వీధిలో పైకప్పులన్నిటికీ తెల్లరంగు వేసి, గుమ్మాల ముందు చెట్లు నాటింది. మా వీధికి ఏమీ చేయలేదు. ఆ ఏమీ చేయకపోవడమే మా వంతు! వాళ్ళకు చల్లబడిందని రుజువు చేయాలంటే పక్కన ఎవరో ఒకరు ఉడకాలి కదా? అలాంటివాళ్ళుండే చోటును కంట్రోల్ వీధి అంటారట. ఆ అదృష్టం మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది.

ఈ పనికంతటికీ పెద్ద ఒక సారు. ఆయన చదివినవీ డిగ్రీలే, కొలిచేవీ డిగ్రీలే కాబట్టి మేం డిగ్రీల సారు అని పిలుచుకునేవాళ్ళం. చాలా మంచి మనిషి. మా ఇళ్ళకు లోపలొకటి, బయటి గోడకొకటి వేడి కొలిచే డబ్బా తగిలించి, బయటిదాని మీద మాత్రం ఎండ పడకుండా చిన్న గొడుగు కూడా పెట్టించారు!

ఎదురుగా చెప్పులు కుట్టే తాత ఒకరోజు ఎండ ఆగక కొట్టు ముందు పాత దుప్పటి కట్టుకున్నాడు. సంస్థవాళ్ళు పరుగున వచ్చి, ఫలితాలు పాడవుతాయని బతిమాలి విప్పేశారు. బాగా చదువుకున్నవాళ్ళు కదా, ఆ దుప్పటిని ఎంత చక్కగా మడతపెట్టి ఇచ్చారో!

ఇక సామాజిక ప్రభావం సంగతి. వారానికోసారి ఒక పరిశోధకురాలు వచ్చి, ఇంట్లో ఎన్నిసార్లు పోట్లాడుకున్నారని అడిగేది. ఒక వారం నేనూ మా ఆవిడా ఎందుకో మాట తూలకుండా గడిపేశాం. పాపం, ఆ అమ్మాయి ముఖం వాడిపోయింది. చూడలేక ఆమె ఎదుటే ఫ్యాను ఎటు తిప్పాలన్నదాని మీద తగువు పెట్టుకున్నాం. విజ్ఞానానికి ఆ మాత్రం సేవ చేయొద్దూ?

అన్నిటికన్నా పెద్ద సేవ మా వదినది. మా పైగదిలోనే ఆమె కుట్టుమిషను. బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. ఆ గది నెత్తిన శ్లాబు తప్ప మరేమీ లేదు. మధ్యాహ్నమయ్యేసరికి కత్తెర పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. పైన సున్నం వేసుకుంటానని వదిన ఎప్పుడో అంది. ఆ మాట చెవిన పడగానే డిగ్రీల సారు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, "అమ్మా, మీ గదే మాకు ప్రాణం. దయచేసి ఒక్క చుక్క కూడా వేయకండి" అన్నారు. మా వదినది మెత్తని మనసు. మాటిచ్చేసింది.

ఇచ్చిన మాట కోసం ఉడికింది. తెల్ల చొక్కాల మీద చెమట మరకలు పడ్డాయి. నాలుగు చొక్కాలు కుట్టేచోట రెండు కుట్టడమే గగనమైంది. అదే సమయంలో వెనక వీధి టైలరు చల్లటి గదిలో ఈల వేసుకుంటూ కుట్టుకుపోతున్నాడు. గిరాకీ ఎటు పోతుందో మీకు వేరే చెప్పాలా?

ఒక మధ్యాహ్నం వదిన మిషను మీదే ఒరిగిపోయింది. అందరం మోసుకెళ్ళి దగ్గర్లో చల్లగా ఉన్న చోటు చూసి పడుకోబెట్టాం. ఆ చోటు ఆ టైలరు కొట్టే! ఆమె కళ్ళు తెరిచేసరికి ఎదురుగా తన పాత గిరాకీ అంతా వరసగా నిలబడి ఉంది. నాకు ఏడుపొచ్చింది. పరిశోధకురాలు మాత్రం పైగదిలో వేడి ఎంతుందో చూసి రాసుకుని వెళ్ళింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదంటారు. పరిశోధన ఇంకా మెరుగు. చేతులు కాలుతున్నంతసేపూ ఎంత కాలాయో కొలుస్తుంది.

ఫలితాలు చెప్పే రోజున మమ్మల్ని గౌరవంగా ఒక పెద్ద హాలుకు పిలిచారు. అక్కడి ఏసీకి మా వీధి మొత్తం చంకల్లో చేతులు పెట్టుకు కూర్చుంది. తెల్లకప్పుల వీధిలో కుట్టుపనివారి ఆదాయం బాగా పెరిగిందని, కంట్రోల్ వీధిలో తగ్గిందని సారు ప్రకటించారు. హాలంతా చప్పట్లు! నేనూ కొట్టాను, కాస్త చేతులు వేడెక్కుతాయని. పెరిగిన ఆ గిరాకీ ఎక్కడినుంచి నడిచి వెళ్ళిందో ఎవరూ అడగలేదు. కొలిచేవాళ్ళే అడగనప్పుడు ఉడికేవాళ్ళం మేమెవరం?

వదిన మాత్రం లేచి నిలబడింది. "అయితే ఇక మాకూ రంగు వేస్తారా సార్?"

"తప్పకుండా వేస్తామమ్మా. కానీ ఈ లాభం ఎన్నాళ్ళు నిలుస్తుందో చూడాలి కదా. రెండో విడత అయ్యేదాకా మీ వీధి ఇలాగే ఉండాలి."

వదిన ఇంటిదారి పట్టింది. తోవలో బకెట్టెడు సున్నం కొంది. ఇంటికి రాగానే చీర చెంగు దోపుకుని నిచ్చెన వేసింది. నేను అడ్డం పడ్డాను. ప్రపంచ విజ్ఞానం ఏమైపోతుందని నిలదీశాను.

"ఏమైపోతుందో నాకు తెలీదు మరిదీ. నువ్వు నిచ్చెన కదలకుండా పట్టుకో" అంది.

పట్టుకున్నాను. మర్నాటికి చెప్పుల తాతతో సహా వీధి వీధంతా పైకప్పుల మీదే ఉంది. డిగ్రీల సారు వచ్చి, మేం నమ్మకద్రోహం చేశామని నిజంగానే కన్నీళ్ళు పెట్టుకున్నారు. డబ్బాలు విప్పుకున్నారు, గొడుగులతో సహా.

పైగది ఇప్పుడు చల్లగా ఉంది. ఇది రాస్తున్నది అక్కడే. వదిన మిషను ముందు కూర్చుని ఉంది. మిషను చప్పుడు మాత్రం లేదు. వెళ్ళిన గిరాకీ తిరిగి రాలేదు.

ఎందుకు రాలేదో పరిశోధించాలని ఉంటే రండి, కాదనం. ఈసారి కంట్రోల్ వీధిగా మాత్రం మీరుండే వీధిని పెట్టుకోండి.