బాబు కడుపులో జింక

హేరన్‌కు ఈ భూమ్మీద అన్నిటికంటే పెద్ద భయం, పది నెలల కొడుకు జేమిన్ ఏదో ఒకటి మింగేస్తాడని. గుండీలు, బఠానీలు, చివరికి తన చెవిపోగులు కూడా బీరువా పైకెక్కించేసింది.

ఆ ఉదయం పదింటికి బాబును ఫొటో స్టూడియోకు తీసుకెళ్లాలి. ఇప్పటికి రెండుసార్లు మానేసిన ప్రయాణం. దానికి కారణం అత్తగారు బొగిం. ఆవిడ రోజూ దుప్పటి మీద ఒంటరిగా హ్వాతు పేకముక్కలు ఆడి, రోజెలా గడుస్తుందో చెబుతుంది. పన్నెండు నెలలు, నెలకో బొమ్మ, బొమ్మకు నాలుగు ముక్కలు. బోర్లా పరిచి ఒక్కొక్కటే తిప్పాలి. నాలుగూ ఒకచోట చేరితే ఆ నెల పండినట్టు. దేవదారు పండితే కబురు, వాన పండితే చుట్టం, ఎర్రాకు పండితే దిగులు. ఆట మొత్తం పండడం ఏడాదికోసారి కూడా కష్టమే. దిగులు మాత్రం రోజూ పండేది. అది పండిన రోజు హేరన్ గడప దాటేది కాదు.

"చూశావా పిల్లా, ఇవాళ దిగులు పండలేదు! లే, వాడికి బట్టలు తొడుగు," అంది బొగిం, అవసరానికి మించిన హుషారుతో.

హేరన్ సంబరంగా ముక్కలు ఏరింది. అలవాటు కొద్దీ లెక్కపెట్టింది. నలభై ఏడే ఉన్నాయి! ఎర్రాకుల కింద జింక నిలబడ్డ ముక్క లేదు. దుప్పటి అంచున బాబు చొంగ కారుస్తూ ఏదో చప్పరిస్తున్నాడు.

"అత్తయ్యా! వీడు జింకను మింగేశాడు!"

"మింగలేదే."

"మీకెలా తెలుసు?"

బొగిం ఏదో చెప్పబోయి, దుప్పటి ముడతలు సవరించడంలో పడింది. వీధిలోని ఆడవాళ్లంతా ఆవిడ ముక్కలనే నమ్ముతారు మరి. "అంత ముక్క ఆ నోట్లో పడుతుందా?" అని గొణిగింది.

"మొన్న సగం దువ్వెన పట్టింది!"

హేరన్ అత్యవసర సహాయానికి ఫోన్ చేసింది. "మా బాబు జింకను మింగేశాడండీ!"

అవతలి గొంతు అడిగింది: "బాబు వయసెంతమ్మా?"

"పది నెలలు."

"జింక... పెద్దదా?"

"కొమ్ములతో సహా మింగాడండీ!"

"అమ్మా, కంగారులో తిరగేసి చెబుతున్నట్టున్నారు. జింక బాబును ఏం చేసింది?"

"కడుపులో..." అని హేరన్ బావురుమంది.

"కడుపులో కుమ్మిందా! అక్కడే ఉండండి, వస్తున్నాం."

పది నిమిషాల్లో ఒక అంబులెన్సు, దాని వెనకే వలలతో ఒక లారీ వచ్చాయి. కొండ దిగి జింక వచ్చిందన్న మాట మూడో ఇంటికి చేరేసరికి అడవిపంది అయింది. నాలుగో ఇంటివాళ్లు కుక్కను లోపల కట్టేసుకున్నారు.

"జింక ఎక్కడ?" అన్నాడు వల పట్టుకున్న పెద్దాయన.

"వీడి కడుపులో!"

ఆయన బాబును చూశాడు. బాబు వలను చూసి నవ్వాడు. ఇదే సందని బొగిం మెల్లగా వంటింటి వైపు జారుకోబోయింది.

"అవ్వా, కుంటుతున్నారే! మిమ్మల్నీ కుమ్మిందా?" అంటూ అంబులెన్సు కుర్రాడు చెయ్యి పట్టుకున్నాడు.

"అబ్బే, ఏం లేదు నాయనా, వదులు!"

వదల్లేదు. ఆవిడను కూర్చోబెట్టి కుడికాలి సాక్సు లాగాడు. జింక టప్పున నేల మీద పడింది.

గుమ్మంలో మూగిన వీధంతా నోళ్లు తెరిచింది.

"ఏం చేయను?" అంది బొగిం, తలెత్తకుండా. "రోజూ దిగులే పండుతోంది. నువ్వేమో పిల్లాణ్ణి పట్టుకుని ఈ నాలుగు గోడల మధ్యే కూర్చుంటున్నావు. ఒక్క ముక్క దాచేస్తే నాలుగూ కలవవు కదా అనుకున్నాను."

పెద్దాయన గొంతు సవరించుకుని కాగితం మీద రాసుకున్నాడు: "జింక దొరికింది. ఎవరికీ గాయాలు లేవు." తర్వాత తల్లీబిడ్డలను వలల లారీలోనే స్టూడియో దగ్గర దింపాడు.

ఆనాటి నుంచి జోస్యం అడగడానికి బొగిం దగ్గరికి ఎవరూ రావడం లేదు. ఒక్కతే ముక్కలు పరుచుకుని కూర్చుంటోంది. మీరెప్పుడైనా మొక్‌పో రేవు వెనక వీధికి వెళితే, ఆ పెద్దావిడను ఓసారి పలకరించి రండి. దిగులు పండడం లేదని హేరన్ ఈమధ్య రోజూ బయటికి వెళ్తోందట, కాబట్టి ఎడమకాలి సాక్సు కూడా ఓసారి చూడండి.