కప్పతల్లి ఫోటో

మాధవీలతకు అన్నిటికన్నా ఎక్కువ భయం వానంటే. పామంటే అంత భయం లేదు, అత్తంటే కూడా లేదు. యాసంగి పంట వడ్లన్నీ అత్వెల్లి రోడ్డు పక్కన ఆరబోసి ఉన్నాయి. అవి తడిసి మొలకెత్తితే ఇంటిల్లిపాదీ పడ్డ కష్టం మట్టిపాలే. ఇంకొక్క ఎండ కాస్తే గట్టెక్కుతామని, ఆ పొద్దున చంటిబిడ్డను చంకనేసుకుని వడ్లు తిరగేయడానికి బయలుదేరింది.

అప్పుడే మచ్చ బొల్లారంలో స్టూడియో నడిపే వీరయ్య, మెడలో కెమెరాతో వాళ్లింటి ముందు స్కూటర్ దిగాడు. పల్లెల్లో మిగిలిన పాత ఆచారాలన్నీ ఫోటోలు తీయాలని అతని పట్టుదల.

"చైనాల ఎవరో పల్లెపల్లె తిరిగి గిసొంటి మొక్కులన్నీ ఫోటోలు దీసిన్రంట. మనయి మనం దీసుకోవద్దా? జెర కప్పతల్లి ఆడుండ్రి."

బయలుదేరిన మాధవీలత వాకిట్లోనే ఆగిపోయింది. కప్పను తడిగుడ్డలో మూటగట్టి, వేపకొమ్మలతో రోకలికి వేలాడదీసి, నీళ్లు పోస్తూ పాడితే వాన పడుతుందని ఊరి నమ్మకం. కరువులో చేసేదది, వడ్లు ఆరబోసినప్పుడు కాదు.

"వద్దన్నా, గిప్పుడు వానెందుకు?"

"ఉత్తగనే చెల్లె, ఫోటో కోసం."

"ఉత్తగనే అని కప్పకెట్ల తెలుస్తది?"

అత్త వజ్రమ్మ అప్పటికే పట్టుచీర కట్టుకుని వాకిట్లోకి వచ్చేసింది. "నీ భయం పాడుగాను! పెండ్లినాటి ఫోటో తప్ప నాకింకోటి లేదు. పా, చెంబు పట్టు."

పక్కింటి సత్యమ్మ కాలువలోంచి కప్పను పట్టి తెచ్చింది. రోకలికి ఆ కొస ఆమె, ఈ కొస వజ్రమ్మ. మొదటిసారి వీరయ్య లెన్సు మూత తీయడం మరిచాడు. తర్వాత బర్రె అడ్డం వచ్చింది. ఆ తర్వాత వజ్రమ్మ కళ్లు మూసింది. "ఇంకొక్కటి అవ్వా!" అన్నప్పుడల్లా మేడ్చల్ వైపు మబ్బు ఇంకాస్త నల్లబడింది. మాధవీలత నీళ్లు పోస్తున్నట్టు ఖాళీ చెంబే వంచింది.

"నీళ్లు కనబడాలె చెల్లె, మస్తుగ పొయ్యి!"

పోసింది. కప్ప బెకబెకమంది. పైన ఉరిమింది.

ఇక మాధవీలత ఆగలేదు. మూటను రోకలి నుంచి లాక్కుని, చంకలో బిడ్డతోనే రోడ్డు మీదికి పరుగెత్తి, దాని అరుపు ఆకాశానికి వినబడకుండా వడ్ల దగ్గరున్న ఖాళీ సంచిలో దాచేసింది. దూరంగా ఉన్న భర్త బాలేష్‌కు భార్య పరుగు, చేతిలో నీళ్లు కారే గుడ్డ కనిపించాయి. వాన మొదలైందనుకున్నాడు.

"వానొచ్చె! ఎత్తుండ్రి, జల్దీ!"

రోడ్డు పొడవునా జనం చాటలతో వడ్లమీద పడ్డారు. అందిన సంచి అందినట్టే నింపి కుట్టేశారు. శామీర్‌పేట మిల్లు వైపు పోతున్న లారీకి బాలేష్ అడ్డంపడి, బస్తాలెక్కించి, తానూ ఎక్కాడు. లారీ మలుపు తిరిగింది. మబ్బు కూడా దాని వెనకే జరిగిపోయింది. అత్వెల్లిలో ఫెళ్లున ఎండ కాసింది.

సాయంత్రం బాలేష్ తలనుంచి నీళ్లు కారుతూ, నవ్వుతూ వచ్చాడు. "వడ్లు షెడ్డుల వడ్డయ్, ఒక్క గింజ గూడ తడువలేదు. గేటు దాటినమో లేదో ఆడ కుండపోత!"

మాధవీలత ఊపిరి పీల్చుకుంది. అంతలో వజ్రమ్మ అడిగింది.

"కప్పను నీళ్లల్ల ఇడిసినవా పిల్లా? ఇడువకుంటే వాన ఆగదు."

"ఖాళీ సంచిల దాసిన అత్తమ్మా."

"ఖాళీ సంచి ఒక్కటన్న మిగిలిందా?"

మాధవీలత లారీ పోయిన మలుపు వైపు చూసింది. వడ్లమీది భయమంతా వెళ్లి కప్పమీద కూర్చుంది.

శామీర్‌పేట వైపు ముసురు ఇంకా విడవలేదట. మీలో ఎవరైనా ఆ మిల్లుకు వెళ్తే గొడుగు మరవకండి, కదిలే బస్తా కనిపిస్తే మాత్రం కుట్టు విప్పి ఆ తల్లి ఎలా ఉందో ఒకసారి చూడండి.