జీడివలస సంగిడి రాయి

రాయి కదల్లేదు. జగన్నాధం మెడ నరాలు తాళ్ళలా తేలాయి, కళ్ళు ఎర్రబడ్డాయి, కట్టుకున్న పంచె ఊడినంత పనయింది. రాయి మాత్రం అంగుళం లేవలేదు. అమ్మవారి సంబరానికి వచ్చిన జనం గొల్లుమన్నారు.

"మోసం!" అంటూ జగన్నాధం రాయిని తన్నాడు. బొటనవేలు చితికింది. కోపం రెట్టింపయింది. "ఒరే గంగులూ! రాయి మార్సేసినావురా దొంగనాయాలా!"

జీడివలసకీ తంగుడుపేటకీ ఏటా సంగిడి పందెం, అంటే గుండ్రాయి ఎత్తే పోటీ. ఏ ఊరి రాయి ఆ ఊరు తెస్తుంది. ఎత్తాల్సింది అవతలి ఊరివాడు. జీడివలస తరఫున జగన్నాధం, తంగుడుపేట తరఫున అతని బావమరిది గంగులు. మధ్యలో నలిగేది జగన్నాధం భార్య, గంగులు అక్క, దేముడమ్మ. జీడివలస రాయి ఉండే ఆమె పశువులశాలకే తంగుడుపేట రాయి కూడా ముందురోజు సాయంత్రం చేరింది. పొద్దున్నే రెంటినీ కడిగి, పసుపు దట్టంగా మెత్తి, బొట్లు పెట్టి పంపింది కూడా ఆమే.

"నాను మార్సడమేటి బావా? అదే అరవై కేజీల రాయి. ముసిలోడినైపోనానని సెప్పీ, వదిలేస్తాం," అన్నాడు గంగులు. రెండో రాయి దగ్గరకు వెళ్ళి, ఒంటిచేత్తో భుజానికెత్తి కింద పడేశాడు. తంగుడుపేట వాళ్ళు ఈలలు వేశారు.

ఆ ఈలలతో జగన్నాధం భగ్గుమని భార్య వైపు తిరిగాడు. "ఒసే! ఇయాల్టితో నీకు పుట్టిల్లు నేదు. ఆ గడప తొక్కినావంటే మళ్ళీ నా గడప తొక్కకు!"

దేముడమ్మ ఒళ్ళు మండిపోయింది. ఆ పుట్టింట్లో మంచం పట్టిన తల్లి ఉంది. రాయి లేవకపోతే అమ్మను చూడకూడదా?

"ఒరే తమ్ముడా, నిజం సెప్పు. మార్సినావా?"

"అమ్మ తోడు అప్పా! మార్సనేదు."

ఈలోగా జీడివలస కుర్రాళ్ళు తంగుడుపేట ట్రాక్టరు టైర్లలో గాలి తీసేశారు. తంగుడుపేట వాళ్ళు పోయి పులిహోర గంగాళం మీద కూర్చున్నారు. రాయి సంగతి తేలేదాకా ఎవరికీ మెతుకు లేదన్నారు. ఆకలికి రెండూళ్ళ కోపమూ ఇంకా పెరిగింది.

ముఖ్య అతిథిగా వచ్చిన మురళీమోహన్ కాలేజీలో భూగర్భశాస్త్రం చెబుతాడు. ఆయనకూ ఆకలేసింది. "కొట్టుకోవడం ఆపండి. కాటా, నిండా నీళ్ళున్న డ్రమ్ము తెప్పించండి," అన్నాడు.

జగన్నాధం ఎత్తలేకపోయిన రాయి నూరు కేజీలు తూగింది. డ్రమ్ములో ముంచితే ఇరవై రెండు లీటర్లే పొర్లాయి.

"నీళ్ళకంటే నాలుగున్నర రెట్లు బరువు. మామూలు కొండరాయి మూడు రెట్లు కూడా ఉండదు. ఇది మాంగనీసు రాయి. గరివిడి గనుల వైపు దొరుకుతుంది. చూడటానికి అంతే ఉంటుంది, ఎత్తబోతే నడుం పోతుంది."

"ఇన్నారా!" జగన్నాధం తొడ కొట్టాడు. "గనిరాయి తెచ్చి నన్ను సంపాలని సూసేరు! ఇది సేసినోడి పేరు మైకులో సెప్పించండి. ఆడు రెండూళ్ళ కాళ్ళూ పట్టుకోవాల!"

డ్రమ్ములోంచి తీసిన రాయి మీద పసుపంతా కరిగిపోయింది. అడుగున ఉలితో చెక్కిన అక్షరం బయటపడింది. గంగులు వంగి చదివాడు.

"'జీ' అని ఉన్నాది బావా. ఇది మీ ఊరి రాయే!"

శాల నుంచి రాళ్ళు మోసుకొచ్చిన నలుగురూ తలలు గోక్కున్నారు. "పసుపు కింద అచ్చరం అవుపడనేదు. రెండూ ఒక్కలాగే ఉంటే ఏదోటి ఎట్టేసినాం."

జగన్నాధం తొడ మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది.

దేముడమ్మకు అంతా అర్థమైంది. తమ్ముడి నడుం విరగాలని తెప్పించిన రాయి, తన పసుపు పుణ్యమా అని తెప్పించినవాడి ముందుకే వచ్చింది. జీడివలస రాయి ఏడాది పొడుగునా ఉండేది ఆమె శాలలోనే; శాల తాళంచెవి ఉండేది ఒక్కడి మొలతాడుకే.

"ఒసే, ఇంటికి పద," అన్నాడు జగన్నాధం మెల్లగా.

"ఆగు. మైకులో సెప్పాలన్నావు గదా?" ఆమె విసురుగా వేదికెక్కి మైకు లాక్కుంది. "రెండూళ్ళోలూ ఇనండి! రాయి మార్సినోడు జగన్నాధం!"

ముప్పయ్యేళ్ళ కాపురంలో దేముడమ్మ భర్త పేరు నోటితో పలకడం అదే మొదటిసారి.